స్లింగ్ ఆపరేషన్ తర్వాత మూత్రాశయానికి, మూత్రమార్గానికి దెబ్బ తగల్లేదని సరిచూసుకోవడం ఎలా: దశలవారీ మార్గదర్శి

దగ్గితే, తుమ్మితే, బరువెత్తితే మూత్రం పడిపోతోందని స్లింగ్ ఆపరేషన్ (మూత్రమార్గం కింద మెష్ అనే సన్నటి టేపుని సూదితో వేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు, చేయించుకోబోతున్నవాళ్లు ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: "లోపల ఎక్కడైనా గుచ్చుకుందేమో నాకెలా తెలుస్తుంది?" డిశ్చార్జ్ రోజున చాలామందికి దొరికే జవాబు "అంతా బాగానే జరిగింది" అన్న ఒక్క మాట. ఆ మాట అనేముందు ఏం చూశారు, ఎలా చూశారు, ఇంటికొచ్చాక మీరేం చూసుకోవాలి అన్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. సూది మూత్రాశయంలోకి దిగిందని ఆపరేషన్ బల్ల మీదే కనబడితే, దాన్ని వెనక్కి తీసి సరైన దారిలో మళ్లీ వేస్తారు, కొద్ది నిమిషాల పని, చాలామందికి తర్వాత ఏ ఇబ్బందీ ఉండదు. అదే ఎవరి కంటా పడకుండా మెష్ లోపలే ఉండిపోతే నెలల తరబడి మంట, ఇన్ఫెక్షన్లు, రాళ్లు, చివరికి ఇంకో ఆపరేషన్. కాబట్టి ఈ చెకింగ్ ఒక్కసారితో అయిపోయేది కాదు, బల్ల మీద ఒకసారి, వార్డులో ఒకసారి, ఇంట్లో కొన్ని రోజులు, అనుమానం వస్తే నెలల తర్వాత కూడా.

1. ముందు ఏది ఎక్కడుందో తెలుసుకోండి

డాక్టర్ చెప్పేది అర్థం కావాలంటే నాలుగు పేర్లు చాలు.

- మూత్రాశయం: అందరూ బ్లాడర్ అనేది, మూత్రం నిలవుండే సంచి.
- యురెత్రా: బ్లాడర్ నుంచి మూత్రం బయటికొచ్చే దారి. ఆడవాళ్లలో దీని పొడవు సుమారు 4 సెంటీమీటర్లే.
- యురేటర్లు: రెండు కిడ్నీల నుంచి బ్లాడర్‌లోకి దిగే సన్నటి గొట్టాలు.
- మెష్: దాదాపు ఒక సెంటీమీటరు వెడల్పుండే పాలీప్రొపిలీన్ (ఒకరకం ప్లాస్టిక్) టేపు. యురెత్రా మధ్యభాగం కింద ఊయలలా ఉంటుంది.

ఈ టేపు వేసే దారులు ముఖ్యంగా రెండు. టీవీటీ పద్ధతిలో యోనిలోని చిన్న కోత నుంచి సూది యురెత్రాకి ఇటూ అటూ, ముందువైపు కటి ఎముక వెనకగా పైకెళ్లి పొత్తికడుపు కింద బయటికొస్తుంది. బ్లాడర్ సరిగ్గా ఆ దారి పక్కనే ఉంటుంది కాబట్టి, వందమందిలో సుమారు ముగ్గురు నుంచి ఐదుగురికి సూది బ్లాడర్ గోడని దాటుతుంది. టీఓటీ పద్ధతిలో సూది తొడ మొదట్లోంచి పక్కగా వెళ్తుంది, అక్కడ బ్లాడర్‌కి దెబ్బ తగలడం ఒక శాతం కన్నా తక్కువ, అయినా యురెత్రాకి, యోని పక్కగోడలకి తగిలే అవకాశం ఉంటుంది.

మీకు ఏది చేశారో గుర్తు లేకపోతే ఒంటి మీద గుర్తులు చూసుకోండి. పొత్తికడుపు కింద, మధ్యగీతకి ఇటొకటి అటొకటి చిన్న మచ్చలుంటే టీవీటీ. తొడల మొదట్లో ఉంటే టీఓటీ. బయట ఏ మచ్చా లేకపోతే ఒకే కోతతో వేసే మినీ స్లింగ్ అయ్యుండొచ్చు. ఖాయంగా తెలిసేది మాత్రం ఆపరేషన్ నోట్స్‌లోనే.

యురేటర్‌కి దెబ్బ తగలడం ఒక్క స్లింగ్‌తో చాలా అరుదు. గర్భసంచి తీయడం, జారిన గర్భసంచిని పైకి కట్టడం లాంటివి స్లింగ్‌తో కలిపి చేసినప్పుడు మాత్రం దాని గురించి ప్రత్యేకంగా అడగాల్సిందే.

2. ఆపరేషన్‌కి ముందు చేసుకోవాల్సిన పని

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లు ఈ భాగం వదిలేయకండి. తర్వాత చూసుకునే ప్రతిదానికీ ఆధారం ఇక్కడే ఉంటుంది, ముందు ఎలా ఉండేదో తెలియకపోతే తర్వాత మారిందని ఎలా చెప్తాం?

☐ మూత్రపరీక్ష, అవసరమైతే కల్చర్ (మూత్రంలో ఏ సూక్ష్మజీవి పెరుగుతోందో చూసే పరీక్ష). ఇన్ఫెక్షన్ ఉంటే ముందు అది తగ్గాలి.
☐ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), ముఖ్యంగా ఇంకో ఆపరేషన్‌తో కలిపి చేస్తుంటే. తర్వాత పెరిగిందో లేదో చెప్పడానికి ఈ అంకె కావాలి.
☐ మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో అల్ట్రాసౌండ్‌తో కొలత.
☐ మూడు రోజులపాటు ఎన్నిసార్లు వెళ్లారు, ఎంత పోశారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు అని రాసుకున్న కాగితం.
☐ ఇదివరకు అదే చోట జరిగిన ఆపరేషన్ల వివరాలు: సిజేరియన్లు, పాత స్లింగ్, బ్లాడర్ ఆపరేషన్లు. లోపల కణజాలం అతుక్కుపోయి ఉంటే సూది పక్కకి పోయే అవకాశం ఎక్కువ.
☐ రక్తం పలచబడే మందులు, డిప్రెషన్ మందులు, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం), మందుల ఎలర్జీలు. రంగు వేసి చూసే పరీక్షల్లో వాడే మిథిలిన్ బ్లూ కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం, జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకీ పడదు. అడిగినా అడక్కపోయినా మీరే చెప్పండి.

సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "బల్ల మీద సిస్టోస్కోపీ చేస్తారా, యురెత్రా కూడా చూస్తారా?" సిస్టోస్కోపీ అంటే స్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టాన్ని యురెత్రా ద్వారా పెట్టి బ్లాడర్ లోపల చూడటం. టీవీటీ అయితే చేయాల్సిందే. టీఓటీకి అవసరం లేదనే వాళ్లూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే ఏ పద్ధతైనా చూడటమే మేలు, కొద్ది నిమిషాలు ఆదా చేసుకోవడానికి తీసుకోవాల్సిన రిస్క్ కాదది.

3. బల్ల మీద సిస్టోస్కోపీ: ఏ వరుసలో జరగాలి

ఇది డాక్టర్ చేసే పని, మీరు మత్తులో ఉంటారు. అయినా వివరంగా రాస్తున్నానంటే, సిస్టోస్కోపీ "చేశాం" అనడానికీ సరిగ్గా చేయడానికీ చాలా తేడా ఉంది. ఆపరేషన్ నోట్స్ చదివేటప్పుడు మీకో, మీ ఇంట్లో చదువుకున్న పిల్లలకో ఆ తేడా తెలియాలి.

మొదటిది, సూది వేసేముందు క్యాథెటర్‌తో (మూత్రం బయటికి తీసే గొట్టంతో) బ్లాడర్‌ని పూర్తిగా ఖాళీ చేయడం. నిండిన బ్లాడర్ ఉబ్బి సూది దారికి అడ్డం వస్తుంది. టీవీటీలో చాలామంది క్యాథెటర్ లోపల గట్టి కడ్డీ ఒకటి పెట్టి, బ్లాడర్ మెడని సూదికి ఎదురువైపుకి తోసి పట్టుకుంటారు.

రెండోది, సూదులు వాటి చోట ఉండగానే, టేపు లాగకముందే కెమెరా పెట్టడం. ఈ వరుస తప్పకూడదు. టేపు లాగేశాక చూస్తే, రంధ్రం ఉన్నా సరిదిద్దడం కష్టమవుతుంది, సన్నటి టేపు మడతల్లో కనబడకుండానూ పోవచ్చు.

మూడోది, బ్లాడర్‌ని బాగా నింపడం. కనీసం 300 మి.లీ. సెలైన్ పట్టాలి. సగం నిండిన బ్లాడర్ లోపల గోడ ముడతలు ముడతలుగా ఉంటుంది, సూది ఆ ముడతలో దాక్కుంటే కెమెరా దాని పక్కనుంచే వెళ్లినా కనబడదు. తప్పిపోయిన గాయాలకి ఇదొక ముఖ్యమైన కారణం.

నాలుగోది, సరైన కోణం ఉన్న స్కోప్. బ్లాడర్ పక్కగోడలు, పైకప్పు చూడటానికి 70 డిగ్రీల స్కోప్ కావాలి. నేరుగా ముందుకే చూసే స్కోప్‌తో ఆ మూలలు అందవు. వంగే స్కోప్ అయితే వెనక్కి తిప్పి చూడొచ్చు.

లోపల ఏం కనిపిస్తుందో ఊహించుకోండి. బ్లాడర్ పైభాగంలో, గడియారంలో 12 అంకె ఉండే చోట ఒక గాలిబుడగ తేలుతూ ఉంటుంది. సర్జన్‌కి అదే గుర్తు. అక్కడి నుంచి 1, 2, 3 అంకెల వైపు, మళ్లీ 11, 10, 9 అంకెల వైపు మెల్లగా తిప్పుతూ చూస్తారు, టీవీటీ సూది దిగేది సాధారణంగా ఈ పై పక్కభాగాల్లోనే. చూస్తూ బయటి నుంచి సూదిని కొంచెం కదిలిస్తారు. గోడ అవతల సూది ఉంటే ఆ కదలికకి గులాబీరంగు పొర మాత్రమే మెత్తగా ఉబ్బి తగ్గుతుంది. సూది లోపలికొచ్చి ఉంటే ఇంక చెప్పక్కర్లేదు, లేత గులాబీ గోడల మధ్య అడ్డంగా మెరిసే లోహపు కడ్డీ కనబడుతుంది, చుట్టూ కాస్త రక్తం పొగలా తేలుతుంటుంది.

ఐదోది, యురేటర్ల నోళ్లు. బ్లాడర్ అడుగున రెండు చిన్న చీలికల్లా ఉంటాయి, ఆగి ఆగి మూత్రం ఎగజిమ్ముతుంది. రెండువైపులా జిమ్మడం కనబడాలి. నీళ్లలో నీళ్లు కనబడటం కష్టం కాబట్టి రంగు వాడతారు: ఆపరేషన్‌కి ముందు మింగే ఫెనాజోపిరిడిన్ మూత్రాన్ని నారింజరంగుకి మారుస్తుంది, సిరలోకి ఇచ్చే ఫ్లోరెసీన్ మెరిసే పసుపుకి మారుస్తుంది. ఒకవైపు వెంటనే రాకపోతే కొన్ని నిమిషాలు ఆగి చూడాలి, కంగారుపడాల్సిన పని లేదు.

ఆరోది, ఎక్కువగా ఎగ్గొట్టేది, యురెత్రా. 0 లేదా 30 డిగ్రీల స్కోప్‌తో, నీళ్లు పారుతుండగా మెల్లగా బయటికి లాగుతూ నాలుగువైపులా చూడాలి.

చివరగా యోని పక్కగోడల్ని వేలితో తడిమి చూడటం. టీఓటీలో సూది ఆ మూలలో బయటికి పొడుచుకొచ్చే అవకాశం ఉంది.

నోట్స్‌లో మీరు వెతకాల్సినవి:

☐ సిస్టోస్కోపీ చేశారా, సూదులు ఉండగానేనా
☐ బ్లాడర్ గోడ మామూలుగా ఉందని రాశారా
☐ రెండు యురేటర్ల నుంచి మూత్రం వచ్చిందని రాశారా
☐ యురెత్రా చూసినట్టు రాశారా
☐ గాయం కనబడితే ఏ చోట, ఏం చేశారు, మళ్లీ స్కోప్ వేశారా

4. గాయం కనబడితే ఏం చేస్తారు

బ్లాడర్‌లో సూది కనబడితే దాన్ని వెనక్కి తీసి, బ్లాడర్ ఖాళీ చేసి, మళ్లీ సరైన దారిలో వేసి, మళ్లీ నింపి చూడాలి. రెండోసారి చూడకుండా ముగించకూడదు. పైభాగంలో పడ్డ సన్నటి రంధ్రానికి కుట్టు అక్కర్లేదు, దానంతటదే మూసుకుంటుంది, క్యాథెటర్ ఒకటి రెండు రోజులు ఉంచుతారు, కొందరు సర్జన్లు వారం దాకా ఉంచుతారు.

యురెత్రాకి రంధ్రం పడితే లెక్క వేరు. దాన్ని కుట్టి, ఆ రోజుకి మెష్ వేయకుండా ఆపేయడమే సరైన పద్ధతి. కొత్తగా కుట్టిన చోట మెష్ పెడితే అది ఒరుసుకుని యురెత్రాలోకి వచ్చేస్తుంది. "ఆపరేషన్ సగంలో ఆపేశారు" అని బాధపడేవాళ్లకి చెప్తున్నాను, ఆ డాక్టర్ మీకు మేలే చేశారు.

5. మొదటి రోజు: యూరిన్ బ్యాగ్‌ని చదవడం

క్యాథెటర్ ఉన్నంతసేపూ పక్కనున్నవాళ్లు చేయగలిగిన పని ఇది. బ్యాగ్‌లో నిలవున్న మూత్రం రంగు చూసి భయపడకండి, ట్యూబులో ఇప్పుడు దిగుతున్నది చూడండి. బ్యాగ్‌లో పొద్దున్నే పడ్డ రెండు చుక్కల రక్తం సాయంత్రం దాకా మొత్తాన్ని గులాబీగా చూపిస్తూనే ఉంటుంది.

- లేత గులాబీ, గంటగంటకీ పలచబడుతోంది: మామూలే, ఒకటి రెండు రోజులు ఉండొచ్చు.
- నారింజ, మెరిసే పసుపు, ఆకుపచ్చ: రంగుమందు ఇచ్చారేమో అడగండి. నారింజని చూసి రక్తం అనుకుని ఏడ్చినవాళ్లని చూశాను.
- ముదురు ఎరుపు, గడ్డలు, తగ్గకుండా పెరగడం: నర్సుని వెంటనే పిలవాలి.
- మూత్రం బాగా తగ్గిపోవడం: 60 కిలోల మనిషికి గంటకి సుమారు 30 మి.లీ. అయినా రావాలి. రాకపోతే ముందు ట్యూబు మడతపడిందా, మనిషి కింద నలిగిందా చూడండి. ట్యూబు బాగానే ఉండి రెండు గంటలు ఇలాగే ఉంటే డాక్టర్ చూడాల్సిందే.

పొత్తికడుపు ఒకవైపు ఉబ్బి గట్టిపడటం, నొప్పి మందుకి లొంగకపోవడం, గుండె దడ, బీపీ పడిపోవడం ఉంటే లోపల రక్తం గూడు కడుతోందేమో చూడాలి. సూది పెట్టిన మచ్చల నుంచి నీళ్లలాంటిది కారుతుంటే అది మూత్రమేమో పరీక్షించాలి.

6. క్యాథెటర్ తీశాక: వాయిడింగ్ ట్రయల్ సరిగ్గా చేయడం

వాయిడింగ్ ట్రయల్ అంటే మీ అంతట మీరు మూత్రం సరిగ్గా పోయగలరా అని చూసే పరీక్ష. "పోశారా? పోశాను. అయితే ఇంటికెళ్లండి" అనేది ట్రయల్ కాదు. కొలత ఉండాలి.

1. క్యాథెటర్ ద్వారా బ్లాడర్‌లోకి సుమారు 300 మి.లీ. సెలైన్ పడతారు, లేదా మీకు వెళ్లాలని గట్టిగా అనిపించేదాకా.
2. క్యాథెటర్ తీసేస్తారు.
3. అరగంటలోపు కొలతగిన్నెలో పోయాలి. హడావుడి పడకుండా, కూర్చుని.
4. పోసినదెంత, మిగిలిందెంత రాయాలి. పట్టినదాంట్లో మూడింట రెండు వంతులు, అంటే 300కి 200 మి.లీ., పోస్తే చాలా చోట్ల సరిపోయిందని లెక్క.

ట్రయల్ తప్పితే వెంటనే గాయం అనుకోకండి. వాపు, నొప్పి, మత్తు ప్రభావం, టేపు కాస్త బిగుతుగా ఉండటం, ఇవే ఎక్కువగా కారణాలు. కొన్ని రోజులు క్యాథెటర్‌తో ఉండి మళ్లీ ప్రయత్నిస్తారు. టేపు బిగుతే కారణమైతే మొదటి వారం పది రోజుల్లో వదులు చేయడం తేలిక, తర్వాత కణజాలం అల్లుకుపోతుంది, కాబట్టి "కొన్నాళ్లు చూద్దాం" అని ఇంట్లో కూర్చోకండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ట్రయల్ పాస్ అయినంత మాత్రాన గాయం లేదని రుజువు కాదు. బ్లాడర్ గోడలోంచి టేపు వెళ్తున్నా మూత్రం మామూలుగానే పోసేవాళ్లున్నారు.

7. ఇంట్లో మొదటి రెండు వారాలు

ఒక నోట్‌బుక్, ఒక కొలతగిన్నె, ఒక థర్మామీటర్. రోజూ ఇవి రాయండి:

☐ టైము, పోసినదెంత
☐ రంగు, గడ్డలున్నాయా
☐ ధార ఎలా ఉంది: బాగుందా, ఆగి ఆగి వస్తోందా, చుక్కలేనా
☐ మంట, నొప్పి ఎక్కడ
☐ జ్వరం
☐ ప్యాడ్ ఎన్నిసార్లు మార్చారు, తడి దేనివల్ల

ఫోన్ చేసి ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సినవి:

- ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉంటే అంతసేపు కూడా ఆగొద్దు.
- గడ్డలతో రక్తం
- 38 డిగ్రీలు దాటిన జ్వరం, ముఖ్యంగా చలితో వణుకు
- ఒకవైపు నడుము పక్కన, డొక్కలో పోటు
- కడుపు ఉబ్బరం, వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం. ఇది పేగుకి తగిలిన గాయం వల్లా కావచ్చు, మూత్రం కడుపులోకి కారడం వల్లా కావచ్చు.
- యోని నుంచి ఆగకుండా నీళ్లు కారడం

మంటగా ఉందని నీళ్లు తాగడం తగ్గించేవాళ్లు చాలామంది ఉన్నారు. దానివల్ల మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది, ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది. దాహానికి తగ్గట్టు తాగండి.

8. తడి ఎక్కడి నుంచి: ఇంట్లో చేసుకునే చిన్న పరిశీలన

ఆపరేషన్ తర్వాత తడి కనబడగానే "ఫెయిలైంది" అనుకుంటారు. తడిలో తేడాలున్నాయి, కాస్త ఓపిగ్గా చూస్తే తెలుస్తాయి.

1. మూత్రం పోసుకుని, శుభ్రంగా తుడుచుకుని, కొత్త తెల్ల ప్యాడ్ పెట్టుకోండి.
2. గంటసేపు వెల్లకిలా పడుకోండి. దగ్గకుండా, లేవకుండా.
3. ప్యాడ్ తీసి వెలుతురులో చూడండి: రంగు, వాసన, ఎంత తడిసింది.
4. కొత్త ప్యాడ్‌తో లేచి నిలబడి, నాలుగైదు సార్లు మామూలుగా దగ్గండి. మళ్లీ చూడండి.

పడుకున్నప్పుడు పొడిగా ఉండి దగ్గితేనే తడిస్తే, పాత సమస్య ఇంకా మిగిలి ఉందనుకోవచ్చు. వెళ్లాలనిపించి బాత్రూమ్ చేరేలోపు పడిపోతే అది అర్జెన్సీ (ఆపుకోలేని తొందర) వల్ల. కదలకుండా పడుకున్నా, రాత్రి నిద్రలో కూడా, మూత్రం వాసనతో ఆగకుండా తడుస్తుంటే ఫిస్టులా ఉందేమో చూడాలి, అంటే బ్లాడర్ నుంచో యురెత్రా నుంచో యోనిలోకి దారి పడిందేమో. కొద్దిగా చిక్కగా, ఎర్రగానో గోధుమరంగులోనో ఉంటే అది కోత మానేటప్పుడు వచ్చే స్రావం కావచ్చు.

ఈ పరిశీలనతో రోగం తేల్చుకోవాలని కాదు. డాక్టర్ దగ్గర "తడుస్తోంది" అనే బదులు "గంట పడుకుంటే ప్యాడ్ మొత్తం తడిసింది" అని చెప్పగలిగితే పరీక్షలు సరైన వైపు మొదలవుతాయి.

9. ఏ అనుమానానికి ఏ పరీక్ష

మూత్రపరీక్ష, కల్చర్ అందరికీ. క్రియాటినిన్ పెరిగితే యురేటర్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా మూత్రం కడుపులోకి కారి తిరిగి రక్తంలోకి పీల్చుకుంటూ ఉండొచ్చు. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ వాపు, మిగిలిన మూత్రం, రక్తపు గూడు తెలుస్తాయి.

బ్లాడర్ కారుతోందని అనుమానం ఉంటే సీటీ సిస్టోగ్రామ్. ఇందులో క్యాథెటర్ ద్వారా మందునీళ్లు 300 మి.లీ. లేదా ఇంకాస్త ఎక్కువ పట్టి బ్లాడర్‌ని నింపి తీయాలి. సిరలో మందు ఇచ్చి, క్యాథెటర్ మూసి, బ్లాడర్ దానంతటదే నిండేదాకా ఆగి తీసే సీటీ దీనికి సరిపోదు, చిన్న రంధ్రం తప్పిపోతుంది. యురేటర్ మీద అనుమానం ఉంటే సీటీ యూరోగ్రామ్ (సిరలో మందు ఇచ్చి కిడ్నీల నుంచి మూత్రం దిగే దారి చూసే సీటీ), అందులో ఆలస్యంగా తీసే ఫొటోలు తప్పనిసరి.

యోనిలోకి కారుతోందంటే రంగు పరీక్ష. యోనిలో వరసగా మూడు గాజ్ గుడ్డ (గాయాలకి కట్టే పలచటి గుడ్డ) ముక్కలు పెట్టి, బ్లాడర్‌లోకి నీలిరంగు నీళ్లు పట్టి, కాసేపు నడిపిస్తారు. తీసి చూసినప్పుడు లోపలి ముక్కకో మధ్య ముక్కకో నీలం అంటితే బ్లాడర్ నుంచి. లోపలి ముక్క తడిసి రంగు మాత్రం అంటకపోతే యురేటర్ మీద అనుమానం. బయటి ముక్కే నీలమైతే యురెత్రా దగ్గరి నుంచి, లేదా పక్కగా ఒలికి ఉండొచ్చు. ముందే ఫెనాజోపిరిడిన్ మింగించి ఉంటే కిడ్నీ నుంచి దిగే మూత్రం నారింజగా ఉంటుంది, అప్పుడు యురేటర్ నుంచి వచ్చేది నారింజ మరకతో పట్టుబడుతుంది.

మెష్ బ్లాడర్‌లోనో యురెత్రాలోనో ఉందా అన్నదానికి మాత్రం సిస్టోస్కోపీయే. పాలీప్రొపిలీన్ టేపు ఎక్స్‌రేలో, సీటీలో సరిగ్గా కనబడదు. "సీటీ నార్మల్, మెష్ ఏం చేయలేదు" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. వంగే స్కోప్‌తో, జెల్ మత్తుతో, ఓపీలోనే చూసేయొచ్చు.

10. నెలలు, ఏళ్లు గడిచాక

మొదట ఏ ఇబ్బందీ లేకుండా ఆరు నెలలకో రెండేళ్లకో మొదలయ్యే కేసులున్నాయి. తప్పిపోయిన గాయమూ కావచ్చు, టేపు మెల్లగా ఒరుసుకుని లోపలికి రావడమూ కావచ్చు.

నేను వార్డులో ఉన్నప్పుడు ఒకామె ప్లాస్టిక్ కవర్ నిండా చీటీలు తెచ్చింది, ఏడాదికి పైగా యాంటీబయాటిక్స్, ఒకటి అయ్యాక ఇంకొకటి. ప్రతిసారీ నాలుగు రోజులు తగ్గడం, మళ్లీ మొదలు. ఎవరూ స్కోప్ వేయలేదు. వేసినరోజు తెర మీద కనబడింది: బ్లాడర్ ఎడమ మూలలో అడ్డంగా నీలిరంగు దారాల అల్లిక, దాని మీద పసుపుపచ్చగా గరుకుగా పేరుకున్న రాయి. ఆమె తెర వైపు చూసి "ఇన్నాళ్లూ ఇదా" అంది, ఇంకేం మాట్లాడలేదు. నేను ఇదంతా రాయడానికి కారణాల్లో ఆ రోజు ఒకటి.

ఇవి ఉంటే సిస్టోస్కోపీ అడగండి:

☐ ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు మూత్ర ఇన్ఫెక్షన్
☐ ఇన్ఫెక్షన్ లేకపోయినా మూత్రంలో రక్తం
☐ కొత్తగా మొదలై తగ్గని అర్జెన్సీ, మంట
☐ బ్లాడర్‌లో రాయి
☐ ధార సన్నబడటం, పోశాక కూడా మిగిలినట్టుండటం
☐ కలయికలో నొప్పి, యోనిలో గరుకుగా తగలడం

11. తరచు జరిగే పొరపాట్లు, వాటికి చేయాల్సింది

పొరపాటు: కల్చర్ చేయకుండా మంట అనగానే యాంటీబయాటిక్. చేయాల్సింది: మొదటి డోసుకి ముందే కల్చర్‌కి ఇవ్వండి. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా మంట ఉంటే మెష్ మీద అనుమానం ఇంకా గట్టిపడాలి.

పొరపాటు: "వయసు వల్ల", "టెన్షన్ వల్ల" అని సరిపెట్టడం. చేయాల్సింది: ఆపరేషన్‌కి ముందు లేని లక్షణం తర్వాత వచ్చిందని తేదీలతో చూపించండి, నోట్‌బుక్ పనికొచ్చేది ఇక్కడే.

పొరపాటు: స్లింగ్ వేయించుకున్న సంగతి కొత్త డాక్టర్‌కి చెప్పకపోవడం. సిగ్గుతో కొందరు, మర్చిపోయి కొందరు. చేయాల్సింది: మూత్రం గురించి ఏ డాక్టర్‌ని కలిసినా మొదటి మాట అదే కావాలి.

పొరపాటు: స్కోప్ వేసి బ్లాడర్ మాత్రమే చూసి యురెత్రా వదిలేయడం. చేయాల్సింది: రిపోర్టులో యురెత్రా అన్న మాట ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి.

పొరపాటు: క్యాథెటర్ చిరాగ్గా ఉందని ముందే తీయించుకోవడం. రంధ్రం పడి మూసుకుంటున్న బ్లాడర్‌కి ఆ కొన్ని రోజుల విశ్రాంతి అవసరం.

12. ఫాలోఅప్‌కి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సినవి

సాధారణంగా ఆరు వారాలకి పిలుస్తారు. ఏ ఇబ్బందీ లేకపోయినా వెళ్లండి, ఆ రోజు కోత మానిందా, టేపు బయటపడిందా, పోశాక ఎంత మిగులుతోంది చూడాలి.

☐ డిశ్చార్జ్ సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్స్ కాపీ. ఈ రెండూ వేర్వేరు కాగితాలు, రెండోది అడిగితేనే ఇస్తారు.
☐ మీ నోట్‌బుక్
☐ వాడిన మందుల చీటీలన్నీ, కల్చర్ రిపోర్టులు
☐ మెష్ ప్యాకెట్ మీది స్టిక్కర్. దాని మీద కంపెనీ పేరు, మోడల్, లాట్ నంబరు ఉంటాయి. ఆపరేషన్ రోజున అది మీ ఫైల్‌లో అంటిస్తారు. అంటించకపోతే అడిగి తీసుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఎక్కడో ఇంకో ఊళ్లో స్కోప్ వేయాల్సి వచ్చినా, లోపలున్నది ఏ టేపో, ఏ దారిలో వేశారో ఆ డాక్టర్‌కి తెలిసేది ఆ స్టిక్కర్‌తో, ఆ నోట్స్‌తోనే.